గరుసు తేలిన చెరువు

నా పెళ్లి ఫోటోలో నేను నవ్వలేదు. ఆ తర్వాత తీసిన ఏ ఫోటోలోనూ నా పళ్లు కనపడవు. పెదాలు బిగించుకునో, కొంగు అడ్డం పెట్టుకునో, ఎవరినో పిలుస్తున్నట్టు పక్కకు తిరిగో ఉంటాను. పొగరు అనుకున్నవాళ్లు ఉన్నారు. అనుకోనీ. నేను పుట్టింది కొనకనమిట్ల వైపు ఒక బోరునీళ్ల ఊళ్లో. ఆ నీళ్లలో ఫ్లోరైడు ఉందని మాకు తెలిసేసరికి నా ముందరి పళ్ల మీద గోధుమరంగు చారలు పడిపోయాయి. ఎంత తోమినా పోవు. మా అమ్మకైతే నడివయసు దాటకముందే నడుం వంగిపోయింది, మెడ బిగిసిపోయింది. వెనకనుంచి పిలిస్తే తల తిప్పలేక మనిషి మొత్తం తిరిగేది.

అందుకే నాకు సంబంధం చూడడానికి వచ్చినప్పుడు మా నాయన పిల్లవాడి పొలం సంగతి తర్వాత అడిగాడు. ముందు ఈ ఊరి నీళ్లు చూపించమన్నాడు. చెరువుకట్ట కింద ఉన్న బావి దగ్గరకు తీసుకెళ్లారట. చేద వేసి తోడించి, దోసిలి పట్టి తాగి, ఇంకోసారి తాగి, "పిల్లనిస్తాం" అన్నాడట అక్కడికక్కడే. మా అత్త బతికినన్నాళ్లూ ఆ మాట పట్టుకుని నన్ను ఆట పట్టించింది. "మావాణ్ని చూసి ఇయ్యలేదులే అమ్మీ, మా బాయిని చూసి ఇచ్చినారు నిన్ను" అనేది. నేనేం కాదనలేదు. మా ఆయన మంచివాడే, కానీ ఆ బావి నీళ్లు ఇంకా మంచివి.

మా చెరువు పెద్దదేమీ కాదు. కంభం చెరువు చూసొచ్చినవాళ్లకు మాది గుంటలాగా ఉంటుంది. కానీ అది నిండితే కట్ట కింద బావిలో ఊట తియ్యగా ఉండేది. ఊరంతా అవే నీళ్లు తాగేది. రాళ్ల మిద్దెల వైపు వాళ్లూ, చర్చి వైపు ఇళ్లవాళ్లూ వేరువేరు గిలకల మీద తోడుకునేవాళ్లు గానీ ఊట ఒక్కటే. నేను ఈ ఊళ్లోనే అంగన్‌వాడీ టీచరుగా చేరాను. పిల్లలు నోళ్లు తెరిచి పాటలు పాడుతుంటే నేను పాట వినేదాన్ని కాదు, పళ్లు చూసేదాన్ని. తెల్లగా మల్లెమొగ్గల్లాంటి పళ్లు. నా కడుపున పుట్టినవాళ్లవీ అంతే. ఆ పళ్లు చూసినప్పుడల్లా అదేదో నా ప్రయోజకత్వం అన్నట్టు లోపల గర్వపడేదాన్ని.

ఆ చెరువును మేమే పాడుచేయించుకున్నాం. ఆ మాట చెప్పకుండా మిగతా కోపమంతా వెళ్లగక్కితే న్యాయం కాదు.

మా వైపు ఎండాకాలం చెరువు ఎండగానే రైతులు ఒండ్రుమట్టి తోలుకోవడం ఎప్పటినుంచో ఉంది. ముందు ఎద్దులబండ్ల మీద, తర్వాత ట్రాక్టర్ల మీద. చేనుకు బలం, చెరువుకు లోతు. ఒండ్రు కింద బంకమట్టి ఉంటుంది, పారకు అంటుకుని వదలని జిగటమట్టి. అది తగలగానే తవ్వడం ఆపేసేవాళ్లు. ఇదంతా పెద్దల ముందుచూపు అని ఇప్పుడు కొందరు చెప్పుకుంటున్నారు. ముందుచూపూ లేదు, ఏమీ లేదు. బంకమట్టి చేనుకు పనికిరాదు, ఎద్దులకు బరువు, తవ్వేవాడికి నడుంనొప్పి. అందుకని ఆపేవాళ్లు. ఆ బద్ధకమే ఇన్ని తరాలు మా చెరువును కాపాడింది.

ఆ ఎండాకాలం కాంట్రాక్టరు ఒకతను వచ్చాడు. తెల్లచొక్కా, మెత్తని మాట. పంచాయతీ ఆఫీసు వరండాలో కూర్చుని అందరికీ టీ తెప్పించాడు.

"చెరువు పూడికతీత శాంక్షన్ అయింది అన్నా. రూపాయి ఖర్చు లేకుండా ఒండ్రంతా మీ చేలల్లోకి నేనే తోలిస్తా. అడుగున ఉండే గరుసు ఒక్కటి నాకు వదలండి. దాంతో మీకేం పని?"

గరుసుతో మాకేం పని? నిజమే అనిపించింది అందరికీ. మార్కాపురం రోడ్డు పొడుగునా వెంచర్లు వేస్తున్నారు, వాటిలో రోడ్లకు, ప్లాట్ల మెరకకు ఎర్రగరుసు కావాలి. అతనికి గరుసు, మాకు ఒండ్రు, చెరువుకు లోతు. కాదనడానికి ఏముంది? పొక్లెయిన్ వచ్చిన రోజు దాని తొట్టెకు పసుపు పూసి, కుంకుమ పెట్టి, చైన్ల కింద నిమ్మకాయలు పెట్టాం. కొబ్బరికాయ కొట్టాం. ఆడవాళ్లం హారతి ఇచ్చాం. చెరువు కడుపు చీల్చడానికి వచ్చినదానికి హారతి పట్టిన ఊరు ఇంకోటి ఉంటుందా?

మనిషికి నడుంనొప్పి వస్తుంది, పొక్లెయిన్‌కు రాదు. బంకమట్టి దగ్గర అది ఆగలేదు. ఆ మట్టిని పనికిరానిదని తీసి కట్ట వెనక కుప్పలు పోశారు. ఊరికే వస్తుంది కదా అని మేం తెచ్చుకున్నాం. గొడ్ల కొట్టాల్లో, ఇళ్ల ముందర, కళ్లాల్లో మెరకకు పోసుకున్నాం. నా అంగన్‌వాడీ ముందర వానకు నీళ్లు నిలిచేవి. అక్కడ కూడా రెండు ట్రాక్టర్లు పోయించి, బాగా కుదిరిందని మురిసిపోయాను. అటు చెరువులో ఎర్రటి గరుసు తేలింది. టిప్పర్లు పగలూ రాత్రీ తిరిగాయి. ఎంత లోతు తీశారో చూడడానికి పక్క ఊళ్లవాళ్లు వచ్చి వెళ్లారు. మావాళ్లు మీసాలు తిప్పుకుంటూ చూపించారు.

ఆ ఏడు తుపాను వాన మంచిగా పడింది. చెరువు నిండింది. అలుగు దగ్గర గంగమ్మకు చీర పెట్టి పొట్టేలును కోశాం. కట్ట కింద బావి చేదకు పనిలేకుండా చేతికి అందేంత పైకొచ్చింది. అప్పుడు నా కోడలు చంటిపిల్ల తల్లి. నా మనవరాలిని చంకనేసుకుని వెళ్లి ఆ నీళ్లు దాని పెదాలకు తడిపి వచ్చాను. ఈ నీళ్లే నీకు అన్నాను.

ఆ తర్వాత చెరువు దిగడం మొదలుపెట్టింది. కట్టరాళ్ల మీద తడిచార పొద్దునొక చోట, సాయంత్రం ఒక చోట. తూము తెరవలేదు. ఏ చేనుకూ పారలేదు. ఎండ కాదు, గాలి కాదు, నీళ్లు కిందికి పోతున్నాయి, అంతే. మాఘమాసానికి చెరువులో ఎర్రనేల తేలింది. పొంగిన బావి దానితోపాటే కిందికి జారి, వేసవికి అడుగురాళ్లు కనపడ్డాయి.

ఊరంతా వెళ్లి మొరపెట్టుకుంటే పైనుంచి ఒక సారు వచ్చాడు. కట్ట మీద నిలబడి చూశాడు. ఫోన్‌లో ఏదో చూసుకుని, "చెరువు సామర్థ్యం పెరిగిందమ్మా, మా లెక్కల్లో" అన్నాడు.

"సామర్థ్యం పెరిగితే నీళ్లేవి సారూ?"

"వానలు సరిగ్గా పడ్డాయో లేదో చూడాలి."

"చెరువు నిండింది సారూ. పొట్టేలును కోసినాం."

"భూమిలోకి ఇంకితే మంచిదే కదమ్మా. భూగర్భజలం పెరుగుతుంది."

నాకు ఒళ్లు మండిపోయింది. భూమిలోకి ఇంకిన నీళ్లు మళ్లీ మాకు ఎక్కడినుంచి వస్తాయో ఆయనకు తెలియదా? పంచాయతీ వాళ్లు వేయించిన లోతు బోరులోనుంచి వస్తాయి. ఆ రాళ్లలో ఉన్న విషాన్ని కలుపుకుని వస్తాయి. ఆ నీళ్లు తాగి మా అమ్మ ఎట్లా వంగిపోయిందో నేను చూశాను. ఆ సంగతే చెప్పబోతే, "ఆర్వో ప్లాంటు పెట్టిస్తాం" అని జీపు ఎక్కాడు. ప్లాంటు పెట్టారు కూడా. మొదట పనిచేసింది, తర్వాత ఫిల్టరు చెడింది, ఆ తర్వాత దాని గదికి తాళం పడింది. ఇప్పుడు అందులో ఎవరివో పుగాకు కట్టలు ఉన్నాయి.

అప్పటినుంచి మా ఊళ్లో క్యాన్లు దిగాయి. కొనగలిగినవాళ్లు తాగడానికి క్యాన్ నీళ్లు కొన్నారు. వంటకు బోరునీళ్లే. అన్నంలో, పప్పులో, టీలో, పిల్లకు కలిపే జావలో అవే. మా ఇంట్లో కూడా అంతే. అంతా తెలిసి కూడా. వంటకు సరిపడా క్యాన్లు రోజూ కొనే ఇల్లు మా ఊళ్లో లేదు. చర్చి వైపు ఇళ్లలో కూలికి పోయేవాళ్లు తాగడానికి కూడా బోరుకే వెళ్లారు. బావి ఉన్నన్నాళ్లూ ఊట అందరికీ ఒక్కటే, ఇప్పుడు నీళ్లలో కూడా కలిగినవాళ్లూ లేనివాళ్లూ వచ్చారు. మనవరాలు ఆ జావ తాగుతూ పెరుగుతుంటే నేను పక్కన కూర్చుని చూశాను. ఆ మంట ఎవరిమీద చూపించాలో తెలియక కనపడ్డవాళ్లందరి మీదా చూపించాను. నేను చెరువు మాట ఎత్తితే చాలు, మా ఆయన బయటికి వెళ్లిపోయేవాడు.

కాంట్రాక్టరు ఒకరోజు వేరే పని మీద మా ఊరి మీదుగా వెళ్తుంటే బండికి అడ్డం నిలబడి, అడుగున బంకమట్టంతా తీసేస్తే నీళ్లు ఎట్లా నిలుస్తాయని అడిగాను.

"బంకమట్టి నేనేం తినినానా అక్కా? మీరే గదా తెచ్చుకున్నారు. మీ అంగన్‌వాడీ కాడ కూడా పోసినారే" అన్నాడు నవ్వుతూ. అది నిజం కావడం వల్ల ఇంకా మండింది.

ఇట్లా ఏళ్లు గడిచాయి. ఒక వానాకాలం నా మరిది, మా ఆయన తమ్ముడు, తన మందను చెరువులో కట్టాడు. మా వైపు గొర్రెల మందను చేలల్లో కట్టిస్తారు. రాత్రంతా గొర్రెలు పడుకుంటే ఆ ఎరువు చేనుకు. ఎవరి చేలో కట్టిస్తే వాళ్లు గొర్రెలకాపరికి గింజలో, డబ్బో ఇస్తారు. ఆ వానాకాలం చేలన్నీ పైరు మీద ఉన్నాయి, అందుకని మందను చెరువులోకి తోలాడు. టిప్పర్లు మలుపు తిరిగేచోట బంకమట్టి ఒలికిపోయి పరుచుకుని ఉంది. మెత్తగా ఉందని అక్కడ కట్టాడు. అంతకుమించి ఏ ఆలోచనా లేదు. వానకు తడిసిన ఆ మట్టిని గొర్రెలు తొక్కి తొక్కి ముద్ద చేశాయి. తర్వాత పడిన వానకు చెరువంతా నీళ్లు పట్టి, చెరువంతా ఇంకిపోయింది. ఆ ఒక్కచోట మాత్రం నిలిచాయి. వారం దాటినా, నెల దాటినా నిలిచాయి. బర్రెలు వెళ్లి అందులో పడుకున్నాయి. దారిన పోయే ప్రతివాడూ ఆగి చూశాడు. ఎవరూ ఎవరికీ చెప్పే పని లేకపోయింది.

దాంతో ఊళ్లో కొట్లాట మొదలైంది. బంకమట్టి తిరిగి చెరువులో పొయ్యాలి. ఎవరి మట్టి? కట్ట వెనక కుప్పలు చాలవు. ఇళ్ల ముందర పోసుకున్న మెరకలు తవ్వాలి. ఆ మట్టిని మందలు తొక్కాలంటే, ఆ ఏడు చేలల్లో మంద కట్టించుకోవడం రైతులు మానుకోవాలి. గొర్రెలవాళ్లు వచ్చే గింజలు వదులుకోవాలి.

"అట్ల ఎట్ల కుదురుద్ది? నా చేనుకు మంద ముందే మాట్లాడుకున్నా" అని ఒకరు.

"తడిమట్టిలో నిలబెడితే గిట్టలు చెడిపోతాయి వదినా, గొర్రెలు కుంటితే ఎవరు చూస్తారు?" అని మా మరిది.

"నా కళ్లం తవ్వనియ్యను. కావాలంటే ఆ కాంట్రాక్టరును పట్టకరాండి" అని ఒక పెద్దరైతు.

నా నోరు మంచిది కాదని ఊరందరికీ తెలుసు. ఆ రోజు ఇంకా పెద్దదైంది. "మీ మనవడికి పళ్లు వచ్చినాయా పెదమామా? తీసకరా, చూద్దాం. నా పళ్లు చూడు. ఇట్లుంటే చాలా?" అని ఊరందరి ముందు కొంగు తీసి పళ్లు చూపించాను. పెద్దరైతు తల వంచుకుని, "ఈ టీచరమ్మ నోటికి ఎదురు నిలబడలేం" అని గొణుక్కుంటూ వెళ్లిపోయాడు.

మర్నాడు అంగన్‌వాడీ ముందర పోయించిన మెరకను నేనే తవ్వించాను. తల్లులందరూ వచ్చారు. వాన వస్తే మళ్లీ నీళ్లు నిలుస్తాయి, నిలవనీ. మాకంటే ముందు చర్చి వైపు ఇళ్లవాళ్లు తమ వాకిళ్లు తవ్వేశారు. కూలికి వెళ్లొచ్చి, సాయంత్రం తట్టలతో మోశారు. ఆ తట్టలు చూసి ట్రాక్టర్లున్నవాళ్లకు మొహం చెల్లక బండ్లు తీశారు. పెద్దరైతు కళ్లం కూడా తవ్వారు. ఆయన దగ్గరుండి తవ్వించాడు, పక్కన నిలబడి తిడుతూనే.

చెరువంతా పరచడానికి ఆ మట్టి చాలదు. మరీ లోతుగా తవ్విన గోతులను అడ్డకట్ట వేసి వదిలేశాం. కట్ట వైపు, తూము వైపు మాత్రం మట్టి పరిచాం. తొలకరికి తడవగానే మందలను వంతులవారీగా తోలారు. నిలబెట్టలేదు, నడిపించారు. పొద్దున పూట గుండ్రంగా తిప్పి, ఎండెక్కగానే పొడినేల మీదికి తోలి, గిట్టలు కడిగి చూసుకున్నారు. మా మరిది ముందు నడుస్తూ కూత వేస్తుంటే వెనక గొర్రెలన్నీ తలలు వంచి అదే పనిగా తొక్కాయి. తొక్కిన మట్టి మీద మళ్లీ మట్టి, మళ్లీ గొర్రెలు. పొలాలకు ఎరువు లేక ఆ ఏడు పంట పలచబడింది. గింజలు రాని గొర్రెలవాళ్ల ఆడవాళ్లు నన్ను చూసినప్పుడల్లా సణిగారు. సణగనీ, వాళ్లకు ఆ హక్కు ఉంది.

వాన పడింది. చెరువు సగానికి వచ్చింది. నేను పొద్దున్నే వెళ్లి తూమురాయి మీద తడిచార చూసేదాన్ని. రోజూ కొంచెం దిగుతోంది. నా గుండె కూడా దానితోనే దిగేది. కానీ ఈసారి ఎండకు దిగినట్టే దిగింది, పరుగెత్తలేదు. వేసవికి కూడా నీళ్లు మిగిలాయి. మరుసటి ఏడు వానకు బావిలో ఊట పైకొచ్చింది. చేద వేసి తోడి, దోసిలి పట్టి తాగాను. మా నాయన తాగిన గట్టు మీదే. నోట్లో నీళ్లు ఉండగానే ఏడుపు వచ్చింది.

ఆ నెలలోనే మనవరాలికి ముందరి పాలపన్ను ఊడింది. మిద్దె మీదికి విసిరి వచ్చింది. కొన్నాళ్లకు కొత్త పన్ను మొలిచింది. చిగురులోంచి సగం బయటికి రాగానే నేను దాని గడ్డం పట్టుకుని వెలుతురులోకి తిప్పి చూశాను. పన్ను మీద సుద్దగీత. గీత పక్కన లేత గోధుమరంగు మచ్చ. కొత్త పన్ను బయటికి రాకముందే చిగురు లోపల తయారవుతుంది. అది తయారైన ఏళ్లన్నీ మా బావి ఎండిపోయిన ఏళ్లు. ఇప్పుడు ఎన్ని బిందెల మంచినీళ్లు తాగించినా ఆ గీత పోదు. వెనక రాబోయే పళ్లు కూడా కొన్ని అట్లాగే వస్తాయి. బడిలో ఎవరో ఏదో అన్నారేమో, అప్పటికే అది నవ్వొస్తే చెయ్యి అడ్డం పెట్టుకోవడం నేర్చుకుంది. నేను నేర్పలేదు. నేర్పనక్కర్లేదు కూడా, పుట్టినప్పటినుంచీ నన్ను చూస్తూనే ఉంది.

ఇదంతా ఇట్లా ఉండగా కట్ట మీద ఒకరోజు షామియానా లేచింది. వెనక పెద్ద ఫ్లెక్సీ, దాని మీద "చెరువు పునరుద్ధరణ" అని. సామర్థ్యం పెరిగిందన్న సారు వచ్చాడు. ఆయన పక్కన తెల్లచొక్కాలో కాంట్రాక్టరు. అతనికి శాలువా కప్పారు. మా ఊరి గొర్రెలు తొక్కిన నీళ్ల ముందు, నా కళ్ల ముందు, అతనికి శాలువా. మా మరిది వెనక ఎక్కడో నిలబడి బీడీ కాల్చుకుంటున్నాడు. మట్టి మోసిన చర్చి వైపు వాళ్లు కూలికి వెళ్లారు, పిలిచినవాళ్లు లేరు.

ఫోటో తీసే అబ్బాయి ఆడవాళ్లను, పిల్లలను ముందుకు పిలిచాడు. నీళ్లు వెనక కనపడేట్టు నిలబెట్టాడు.

"టీచరమ్మా, కొంచెం నవ్వండి. చెరువు నిండింది గదా, సంతోషంగా ఉండాలి. పాపా, నువ్వూ నవ్వమ్మా."

మనవరాలు చెయ్యి నోటి మీదికి తీసుకుపోయింది. నేను ఆ చెయ్యి పట్టుకుని కిందికి దించాను.

"తియ్యి చెయ్యి. నోరు తెరువు. బాగా తెరువు" అన్నాను.

నా కొంగు కూడా తీసేశాను. పెళ్లినాడు కూడా తెరవని నోరు, చెవులదాకా తెరిచాను. నా చారల పళ్లు, దాని కొత్త పన్ను, రెండూ పక్కపక్కన. ఫోటో అబ్బాయి కెమెరా కొంచెం దించి సారు వైపు చూశాడు. సారు కాంట్రాక్టరు భుజాల మీద శాలువా మడతలు సర్దుతున్నాడు.

"వాళ్ల వైపు ఏంది చూస్తావు నాయనా? తియ్యి. ఇవి పడాల ఫోటోలో. తియ్యి."